ఎక్కడ దిగుతున్నారు? కోనసీమలో సత్రం నుంచి హోమ్‌స్టే దాకా

ఈ ఎపిసోడ్ కోనసీమ గురించి. అలాగని ఏం చూడాలి, ఏం తినాలి అని కాదు. పూతరేకుల మీద, పనసపొట్టు కూర మీద వీడియోలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి. మనం మాట్లాడుకునేది రాత్రికి ఎక్కడ పడుకోవాలి అన్న దాని గురించి.

ఊరు వెళ్ళినవాళ్ళని మనవాళ్ళు మొదట అడిగేది "ఎక్కడ దిగారు?" అని. బస చేయడానికి "దిగడం" అనే మాట ఎందుకు వాడతామో ఎప్పుడైనా ఆలోచించారా? బండి దిగిన చోటే, పడవ దిగిన చోటే మకాం పెట్టేవాళ్ళు కాబట్టి. కోనసీమలో ఆ మాట మొన్నమొన్నటి దాకా అక్షరాలా నిజం.

ఇప్పుడు యాప్ తెరిస్తే మనకి కనిపించేవి మూడు: ఫోటో, రేటు, స్టార్లు. ఈ మూడూ చూసి బుక్ చేసేస్తాం. తీరా వెళ్ళాక "ఇది నా టైపు కాదు" అనిపిస్తుంది. గది బాగానే ఉంటుంది, కానీ మన ప్రయాణానికి అతకదు. దీనికి కారణం చరిత్రలో ఉంది. సత్రం, బంగళా, లాడ్జి, హాస్టల్, రిసార్ట్, హోమ్‌స్టే, వీటిలో ప్రతి ఒక్కటీ ఒక రకం ప్రయాణికుడి కోసం పుట్టింది. అది ఎవరి కోసం పుట్టిందో, ఎవరిని బయట నిలబెట్టిందో తెలిస్తే, మనకి సరిపోతుందో లేదో సగం తెలిసిపోతుంది. కోనసీమని పట్టుకుని ఈ కథంతా చూద్దాం.

రేవు ఆగితే ప్రయాణం ఆగినట్టే

ముందు మ్యాప్ ఒకసారి గుర్తు చేసుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వసిష్ఠకీ మధ్య, కింద సముద్రం దాకా ఉన్న నేలే కోనసీమ. కొత్తపేట పై భాగంలో ఉంటుంది. అమలాపురం వైనతేయకి తూర్పున, రాజోలు పడమటి వైపున. అంటే అమలాపురం నుంచి రాజోలు వెళ్ళాలన్నా మధ్యలో ఒక నది దాటాలి.

ఇప్పుడు వంతెనలు ఉన్నాయి. కార్లో కూర్చుంటే నది ఎప్పుడు దాటామో కూడా తెలియదు. వంతెనలు లేని రోజుల్లో అన్నీ రేవులే. నాటు పడవ, ఆ తర్వాత లాంచీ, పంటు. చీకటి పడితే రేవు ఆగిపోయేది. వరద వస్తే రోజుల తరబడి ఆగేది. రేవు ఆగితే మనిషీ ఆగాలి, ఆగితే అన్నం కావాలి, నడుం వాల్చడానికి చోటు కావాలి. కోనసీమలో బస అనేది సరదాగా మొదలవలేదు. నది దాటలేకపోవడం వల్ల మొదలైంది.

కాలవలు వచ్చాక ప్రయాణం కొంచెం మారింది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కల్లా పూర్తయింది. ఆ కాలవలు పొలాలకి నీళ్ళే కాదు, మనుషుల్నీ సరుకుల్నీ కూడా మోశాయి. అప్పట్లో అవే హైవేలు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల దగ్గర అందరూ సెల్ఫీలు దిగుతారు కదా, లాకు అంటే పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే ఏర్పాటు. అక్కడ పడవ తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. మన టోల్ గేట్ లాగా అన్నమాట.

అరుగు, సత్రం, పూటకూళ్ళ ఇల్లు

ఆ రోజుల్లో దారిన పోయేవాడికి మూడు దారులు ఉండేవి.

మొదటిది అరుగు. పాత ఇళ్ళకి వీధి వైపు అరుగులు ఉంటాయి చూశారా, పగలు ఇంటివాళ్ళు కూర్చునేవి, రాత్రి బాటసారి పడుకునేవి. పైసా ఖర్చు లేదు, గ్యారంటీ కూడా లేదు.

రెండోది సత్రం. జమీందారో, వ్యాపారో, ఊరి పెద్దో పుణ్యం కోసం కట్టించి, దాని ఖర్చుకి కొంత భూమి రాసిచ్చేవాడు. ఆ భూమి మీద వచ్చే పంటతో వచ్చినవాళ్ళకి భోజనం పెట్టేవాళ్ళు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే యూజర్ దగ్గర డబ్బు తీసుకోని ఫ్రీ ప్లాన్. వెనక ఫండింగ్ ఇంకెవరిదో.

మూడోది పూటకూళ్ళ ఇల్లు. పూటకి ఇంత అని డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇల్లు. ఇది చాలా పాతది, ఓరుగల్లు వీధుల్ని వర్ణించే క్రీడాభిరామంలోనే పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన ఉంది. గురజాడ కన్యాశుల్కం చదివినవాళ్ళకి, కనీసం సినిమా చూసినవాళ్ళకి, పూటకూళ్ళమ్మ గుర్తుండే ఉంటుంది. గిరీశం బాకీ ఎగ్గొట్టింది ఆవిడ దగ్గరే. భర్త పోయిన ఆడవాళ్ళకి ఇంకో ఆదాయం ఉండని రోజుల్లో వంట చేసి పెట్టడం ఒక బతుకుతెరువు. ఇవాళ మెస్‌లు, పీజీలు నడిపే ఆంటీల వ్యాపారం అక్కడి నుంచి వచ్చిందే.

మరి ఎక్కడ ఏం దొరుకుతుందో ముందే ఎలా తెలిసేది? ఏనుగుల వీరాస్వామి అని మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసినాయన ఉన్నాడు. 1830 మే నెలలో పెద్ద పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. దారి పొడుగునా రాసుకున్న ఆ వివరాలే కాశీయాత్ర చరిత్ర. 1838లో అచ్చయింది. అందులో ఆయన మజిలీ తర్వాత మజిలీ రాసుకుంటూ పోతాడు. మజిలీ అంటే నాగచైతన్య సినిమా కాదండోయ్, ప్రయాణంలో ఆగే చోటు. ఇక్కడ దిగడానికి చోటుందా, నీళ్ళు మంచివా, అంగళ్ళలో సామాన్లు దొరుకుతాయా, దారి ఎలా ఉంది, ఇవన్నీ రాశాడు. స్టార్లు లేవు కానీ, తర్వాత వచ్చేవాడికి ఏది పనికొస్తుందో అదే రాశాడు. ఇవాళ రివ్యూ రాసే మనలో చాలామంది కంటే ఆయన పద్ధతే నయం.

గన్నవరంలో ఆ ఇల్లు

కోనసీమ బస చరిత్ర అంటే దొక్కా సీతమ్మ గారి పేరు లేకుండా కుదరదు. 1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరంలో ఉండే దొక్కా జోగన్న గారిని పెళ్ళాడి ఆ ఊరు వచ్చారు. ఆవిడది సత్రం కాదు, ఇల్లే. ఏ జమీందారూ భూములు రాసివ్వలేదు. సొంత వ్యవసాయం మీద వచ్చినదాంతో, ఆ దారిన వచ్చినవాళ్ళకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టారు.

ఆ ఇల్లు అక్కడే ఎందుకు అంత అవసరమైందో మ్యాప్ చూస్తే తెలుస్తుంది. గన్నవరం వైనతేయ ఒడ్డున ఉంది. అమలాపురం వైపు నుంచి రాజోలు వైపుకి, అటు నుంచి అంతర్వేదికి వెళ్ళేవాళ్ళకి అది దాటే చోటు. రేవు దగ్గర చిక్కుకుపోయినవాడికి ఆ ఇల్లే దిక్కు. అక్కడే 1850ల్లో 49 కమానులతో ఒక అక్విడక్టు కట్టారు. నది మీదుగా కాలవ నీళ్ళని అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళే వంతెన అది. ఈ మధ్య కాలంలో దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకి సీతమ్మ గారి పేరు పెట్టారు.

ఆవిడ గురించి గోదావరి జిల్లాల్లో చెప్పుకునే కథ ఒకటుంది. ఎప్పటినుంచో అనుకుంటున్న అంతర్వేది దర్శనానికి ఒకసారి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఎవరో ప్రయాణికుల పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, "కాస్త ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి వెళ్ళిపోతే అన్నం దొరుకుతుంది" అని పెద్దవాళ్ళు సముదాయించడం చెవిన పడిందట. అంతే, దర్శనం మానుకుని పల్లకీ వెనక్కి తిప్పించారట. కథలో ఎంత నిజమో పక్కన పెడితే, ఒక ఇంటి మీద దారినపోయేవాళ్ళకి ఎంత నమ్మకం ఉండేదో అందులో తెలుస్తుంది. అడ్వాన్స్ కట్టకుండా, కన్‌ఫర్మేషన్ మెసేజ్ లేకుండా "అక్కడికి వెళ్తే అన్నం ఉంటుంది" అని పిల్లలకి చెప్పగలగడం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది.

తలుపు ఎవరికి తెరిచారు?

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. పాత రోజులన్నీ బంగారం అని చెప్పడం తేలిక. సీతమ్మ గారు కులం చూడకుండా అన్నం పెట్టారని ఆవిడ జీవిత చరిత్రలు ప్రత్యేకంగా చెప్తాయి. అది ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందంటేనే మిగతా చోట్ల పరిస్థితి ఏమిటో అర్థమవుతుంది. చాలా సత్రాలు ఒకే కులంవాళ్ళ కోసం కట్టినవి. కొన్నింటిలో ఒక్కో కులానికి వేరే పంక్తి, వేరే గది. దళితులకైతే గడప దాటే వీలే లేదు.

గోదావరి జిల్లాల్లో కొత్తగా కనపడినవాణ్ణి "మీరెవరి తాలూకండీ?" అని అడుగుతారు. ఇప్పుడు అది ఆప్యాయంగా అడిగే మాటే. ఒకప్పుడు మాత్రం ఈ ప్రశ్నకి చెప్పే జవాబు మీదే ఆ రాత్రి పడక ఆధారపడేది. ఉచితం అన్న మాట నిజమే. ఎవరికి ఉచితం అన్నది అసలు విషయం.

ఈ జిల్లా పేరు 2022 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఆ పేరు గల మనిషికి బస దొరకని కథ మనలో చాలామందికి తెలియదు. వెయిటింగ్ ఫర్ ఎ వీసా అనే చిన్న పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. 1917లో, విదేశాల్లో చదువుకుని, బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఉండటానికి గది లేదు. హిందూ హోటళ్ళలో చేర్చుకోరని తెలుసు. చివరికి ఒక పార్సీ సత్రంలో, రిజిస్టర్‌లో పార్సీ పేరు రాయించుకునే షరతు మీద, రోజుకి రూపాయిన్నరకి దిగారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమంది. ఇద్దరు స్నేహితుల్ని అడిగారు, ఇద్దరూ ఏవో కారణాలు చెప్పారు. ఆ రోజంతా ఒక పార్కులో కూర్చుని, రాత్రి రైలుకి బొంబాయి వెళ్ళిపోయారు. అమెరికాలో చదువుకుని వచ్చిన మనిషికి ఒక్క మంచం దొరకలేదు.

తర్వాత ఆయన అధ్యక్షతన ఉన్న కమిటీయే ముసాయిదా రాసిన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో క్లాజు చూడండి. మతం, కులం, లింగం, పుట్టిన ఊరు లాంటి కారణాలతో షాపులు, హోటళ్ళలోకి ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదని ఉంటుంది. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం, ఇప్పటి పౌర హక్కుల రక్షణ చట్టం, ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేర్లు పెట్టి మరీ చెప్తుంది. మనం ఫోన్లో "బుక్ నౌ" నొక్కగలగడం వెనక ఇంత ఉంది.

బంగళా దొరలది, లాడ్జి అందరిదీ

బ్రిటిష్ కాలంలో ఇంకో రకం బస వచ్చింది. ముసాఫిరు బంగళా, ట్రావెలర్స్ బంగళా, జనం నోట్లో టీబీ. కాలవ గట్ల మీద ఇరిగేషన్ వాళ్ళ బంగళాలు. ఎత్తైన పైకప్పు, చుట్టూ వరండా, వంటవాడు, వాచ్‌మన్. ఇది ఉద్యోగం మీద తిరిగే అధికారి కోసం కట్టింది. ఇప్పటికీ ప్రభుత్వ గెస్ట్‌హౌస్‌లలో మొదటి హక్కు అధికారులదే. మీకు గది ఇచ్చినా, పైనుంచి ఎవరైనా వస్తే ఖాళీ చేయమనవచ్చు. ఆ కట్టడం ఎవరి కోసమో, దాని రూల్స్ కూడా వాళ్ళ కోసమే.

స్వాతంత్ర్యం తర్వాత రోడ్లు, బస్సులు పెరిగాయి. కోనసీమకి రైలు మాత్రం ఊరించి వదిలేసింది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు. మళ్ళీ 2004లో వేశారు. అదీ గౌతమి అవతలి ఒడ్డు దాకానే. కోటిపల్లి నుంచి నరసాపురం లైను 2000-01లో మంజూరైనా, మూడు పాయల మీద వంతెనలు కట్టాల్సిన పని కావడంతో ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. అందుకే అమలాపురంలో బసకి కేంద్రం స్టేషన్ కాదు, బస్టాండు. కోర్టు వాయిదాకి వచ్చినవాళ్ళు, కొబ్బరి వ్యాపారులు, మెడికల్ రెప్‌లు, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు దిగడానికి బస్టాండు చుట్టుపక్కల లాడ్జిలు పుట్టాయి.

లాడ్జి అంటే మనకి చిన్నచూపు. ట్యూబ్‌లైటు, ప్లాస్టిక్ బకెట్టు, గోడ మీద సున్నం. కానీ చరిత్రలో లాడ్జి చేసిన పని చిన్నది కాదు. డబ్బు కట్టు, సంతకం పెట్టు, తాళం తీసుకో. "ఎవరి తాలూకు" అన్నది గదికి షరతు కాకూడదన్న చట్టం ముందు అమలవ్వాల్సింది ఇక్కడే. సత్రంలో దయ ఉంది, లాడ్జిలో హక్కు ఉంది. ఆచరణలో అన్ని చోట్లా ఒకేలా జరిగిందని నేను చెప్పను. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకి, పెళ్ళికాని జంటకి, పేరు చూసి "రూములు లేవండీ" అనే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. రిజిస్టర్ మారింది, కౌంటర్ వెనక చూపు ఇంకా పూర్తిగా మారలేదు.

మరి హాస్టల్ సంగతి?

తెలుగువాడికి హాస్టల్ అంటే ట్రావెలింగ్ గుర్తుకు రాదు. ఇంటర్ హాస్టల్, సోషల్ వెల్ఫేర్ హాస్టల్, లేకపోతే బీటెక్ అయ్యాక కోర్సు కోసం దిగిన అమీర్‌పేట హాస్టల్. మనకి హాస్టల్ చదువు కోసం వచ్చింది. దానికీ గొప్ప చరిత్ర ఉంది. కాకినాడ పీఆర్ కాలేజీకి 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు, పిఠాపురం రాజా వారి సాయంతో దళిత విద్యార్థులకి వసతి, భోజనం ఏర్పాటు చేశారు. సత్రం గడప దాటనివ్వని రోజుల్లో అది ఎంత పెద్ద విషయమో ఊహించండి.

ప్రయాణికుల హాస్టల్ మాత్రం జర్మనీలో పుట్టింది. రిచర్డ్ షిర్‌మాన్ అనే బడి టీచర్ పిల్లల్ని కాలినడకన ఊళ్ళు తిప్పేవాడు. 1909 ఆగస్టులో అలా వెళ్తుంటే పెద్ద గాలివాన వచ్చింది. ఒక ఊరి బడిలో గడ్డి పరుచుకుని రాత్రంతా గడిపారు. సెలవుల్లో బడులన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, ఊరికొకటి ఇలా తెరిస్తే పిల్లలు దేశమంతా తిరగొచ్చు కదా అన్న ఆలోచన ఆ రాత్రే వచ్చింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి యూత్ హాస్టల్ తెరిచారు. ఈ రోజు మనం బుక్ చేసే డార్మ్ బెడ్‌కి మూలం అదే.

దొక్కా సీతమ్మ గారు కన్నుమూసింది కూడా 1909లోనే, ఏప్రిల్ 28న. ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేదు. కానీ ఇద్దరి ముందూ ఉన్న సమస్య ఒక్కటే, దారిలో చిక్కుకుపోయిన మనిషి. షిర్‌మాన్ జవాబులో మాత్రం ఒక కొత్త సంగతి ఉంది. అపరిచితులు ఒకే గదిలో పక్కపక్కన పడుకోవడం. మన సత్రంలో పంక్తి విడిపోయిన చోట అక్కడ మంచాలు కలిశాయి. అందుకే మంచి ట్రావెలర్ హాస్టల్‌లో ముఖ్యమైనది బెడ్ కాదు, అందరూ కూర్చునే కామన్ రూమ్.

వైజాగ్‌లో, హైదరాబాద్‌లో అలాంటివి దొరుకుతాయి. కోనసీమలో ఆ రకం బస ఇంకా వేళ్ళూనుకోలేదు. "అమలాపురం హాస్టల్" అని వెతికితే ఎక్కువగా స్టూడెంట్ హాస్టళ్ళే వస్తాయి. మరి ఆ అనుభవం కావాలనుకునేవాళ్ళు ఏం చేయాలి? దానికి హోమ్‌స్టేల దగ్గరికి రావాలి.

నీళ్ళ మీద గది, మండువాలో గది

రాజోలు వైపు, వసిష్ఠ ఒడ్డున దిండి ఉంది. ఏపీ టూరిజం వాళ్ళ కోకోనట్ కంట్రీ రిసార్ట్, హౌస్‌బోట్లు, ఆ తర్వాత ప్రైవేటు రిసార్టులు వచ్చాయి. ఇక్కడ జరిగిన మార్పు గమనించండి. సత్రం రోజుల్లో నది అడ్డు, దాటలేక ఆగేవాళ్ళు. దిండిలో నది చూడటానికే ఆగుతున్నాం, అదీ డబ్బు కట్టి. రిసార్ట్ పుట్టింది ఎక్కడికీ వెళ్ళనక్కర్లేని మనిషి కోసం. నాలుగు ఊళ్ళు తిరుగుదామనుకునేవాడు అక్కడ దిగితే డబ్బు దండగ.

హోమ్‌స్టే కథ వేరు. మనకి విడిది అనే మాట ఉంది. పెళ్ళికి వచ్చిన మగపెళ్ళివారికి ఊళ్ళో ఎవరో ఒకరి ఇల్లు ఖాళీ చేసి ఇచ్చేవాళ్ళు. మధ్యలో ఆకాశం కనపడే మండువా లోగిళ్ళు, చుట్టూ గదులు. ఆ ఇళ్ళ పిల్లలు హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు ఇద్దరికి అంత ఇల్లు ఎందుకు? అలా కొన్ని ఇళ్ళు గెస్టులకి తెరుచుకున్నాయి. ఇంటివాళ్ళతో కూర్చుని భోజనం చేస్తే అది మన కామన్ రూమ్. అయితే ఇల్లు అన్నాక ఇంటి పద్ధతులు ఉంటాయి. రాత్రి పదకొండుకి వస్తే గేటు తీసేది రిసెప్షనిస్టు కాదు, నిద్ర లేచి వచ్చిన పెద్దాయన. వంటగదిలో ఏం వండుకోవచ్చు, మందు కుదురుతుందా లాంటివి ముందే అడగాలి. "ఆయ్, మా ఇంట్లో అవన్నీ కుదరవండీ" అంటే అది వాళ్ళ హక్కు. కానీ "మీరేవిట్లు?" అని అడిగారంటే, అది హోమ్‌స్టే వేషంలో ఉన్న పాత సత్రం. అలాంటి చోట దిగకండి.

మీ ప్రయాణానికి ఏది?

గుడికి వెళ్తున్నారా? అంతర్వేదిలో, అప్పనపల్లిలో, అయినవిల్లిలో దర్శనమే పని అయితే దేవస్థానం గదులు, సత్రాలు చూడండి. చవక, గుడికి దగ్గర. శాకాహారం తప్పనిసరి. ఒక్కరే వెళ్తే గది ఇవ్వని చోట్లు ఉంటాయి, ఫోన్ చేసి కనుక్కోండి. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం. ఆ రోజుల్లో గది ఉందో లేదో తెలియకుండా బయల్దేరొద్దు.

సంక్రాంతికి వెళ్తున్నారా? జగ్గన్నతోటలో కనుమ రోజు ప్రభల తీర్థం. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం అదే. కొత్తపేటలోనూ ప్రభలు ఉంటాయి. ఆ మూడు రోజులూ అమలాపురం, రావులపాలెం లాడ్జిలు నిండిపోతాయి. ముందే బుక్ చేయలేకపోతే రాజమండ్రిలోనో, కాకినాడలోనో దిగి పొద్దున్నే బయల్దేరండి.

ఊళ్ళు తిరగాలనుందా? అమలాపురం లాడ్జిని మించింది లేదు. అన్ని వైపులకీ బస్సులు అక్కడి నుంచే. విశ్రాంతి కావాలా? దిండి. మనుషులతో మాట్లాడాలా, పెద్దవాళ్ళ నోట కథలు వినాలా? హోమ్‌స్టే.

బుక్ చేసే ముందు

ఒకటి, ఏ ఒడ్డున ఉందో చూడండి. యాప్ చెప్పే దూరం చాలాసార్లు గీత గీసినట్టు కొలిచింది. నరసాపురంలో హోటల్ అంతర్వేదికి దగ్గరే అనిపిస్తుంది, మధ్యలో వసిష్ఠ ఉంది. సఖినేటిపల్లి రేవు పంటు మీద దాటాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం సంగతీ అంతే. పంటు వేళలు కనుక్కోకుండా అవతలి ఒడ్డున గది తీసుకుంటే, మనమూ రేవు దగ్గర ఆగిపోయిన పాతకాలపు ప్రయాణికులమే.

రెండు, నెల చూడండి. జులై, ఆగస్టుల్లో వరద. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది, 2022 జులైలో 71.3 అడుగులు. అక్కడి నీళ్ళు తర్వాత లంక గ్రామాల మీదికే వస్తాయి. నవంబర్‌లో తుపాన్ల భయం, 1996 నవంబర్ 6 రాత్రిని ఈ సీమ మర్చిపోలేదు. ఆ నెలల్లో నది ఒడ్డు గది తీసుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చే బుకింగే తీసుకోండి. హౌస్‌బోట్ అయితే బోట్లు నడుస్తున్నాయా, లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని ఫోన్లో అడగండి.

మూడు, యాప్‌లో రూల్స్ చదవండి. కొన్ని చోట్ల లోకల్ ఆధార్ ఉంటే గది ఇవ్వరు. పెళ్ళికాని మేజర్లు ఒక గదిలో ఉండటం నేరం కాదని 2019లో మద్రాస్ హైకోర్టు చెప్పింది, కానీ హోటల్ తన రూల్ అంటూ ఆపేయవచ్చు. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర వాదించేకంటే మధ్యాహ్నం ఫోన్‌లో తేల్చుకోవడం మేలు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న కజిన్ వస్తుంటే, ఆ బస వాళ్ళు ఫారం-సి ఆన్‌లైన్‌లో పంపాలి. చిన్న చోట్ల అది తెలియక వద్దంటారు, ముందే చెప్పండి.

నాలుగు, ఈ మధ్య రాసిన రివ్యూలే చూడండి, అందులోనూ మీలాంటివాళ్ళు రాసినవి. ఫ్యామిలీతో వెళ్ళినాయన ఇచ్చిన ఐదు స్టార్లు ఒంటరిగా వెళ్ళే అమ్మాయికి ఏమీ చెప్పవు. ఒంటరిగా వెళ్ళిన అమ్మాయి రాసిన రెండు లైన్లు చాలా చెప్తాయి. మీరు తిరిగొచ్చాక కూడా అలాగే రాయండి. నీళ్ళు వస్తున్నాయా, రాత్రి బస్టాండు నుంచి నడిచి వెళ్ళొచ్చా, కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడారు, ఎవరినైనా వెనక్కి పంపడం చూశారా. వీరాస్వామి గారు మజిలీ మజిలీకీ అదే పని చేశారు. మీరు రాసిన ఆ నాలుగు ముక్కలు చూసుకునే, మీ తర్వాత వచ్చేవాళ్ళు ఆ గుమ్మం ముందు ధైర్యంగా దిగుతారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.